కండబలమా? కథాబలమా?

ఈ వారం "ఆటా-మాటా"లో: గేమ్ కన్సోల్ కొనబోయే కుర్రకారుకి నాలుగు మాటలు

సినిమా పోస్టరు మీద "కోట్ల వ్యయంతో" అన్న అక్షరాలు కనబడగానే లైనులో నిలబడిపోయే ప్రేక్షకులు ప్రతి ఊళ్ళోనూ వుంటారు. గేమ్ కన్సోళ్ళ దగ్గరా అదే వరస! అట్టపెట్టె మీద "ఇన్ని టెరాఫ్లాపులు", "ఇంత మెమరీ", "4కె బొమ్మ" అని కనబడితే చాలు, కుర్రవాడి కళ్ళు చెదిరిపోతాయి. పక్కనే వున్న రెండో పెట్టె మీద అంకె కాస్త తక్కువ వుందనుకోండి... దానివైపు కన్నెత్తయినా చూడడు.

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లోనూ ఇదే గోల. "ఏ కన్సోల్‌కి పవరెక్కువో ఒక్క ముక్కలో చెప్పండి, అదే కొంటాను" అంటారు. ఒక్క ముక్కలో చెప్పడం కష్టమేమీ కాదు. కానీ ఆ ముక్క విని యాభై వేలు ఖర్చు పెట్టాక, "ఏంటిది, నేను ఆడాలనుకున్న ఆట ఇందులో లేదే!" అని మీరు తల పట్టుకుంటే ఎవరిది పూచీ? యాభై వేలంటే మాటలు కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి రెండు మూడు నెలల జీతం. ఇంకా చదువుకుంటున్నవాడికయితే అది నాన్నగారి జీతం! అందుకని కాస్త ఓపిక పట్టండి. ముందు పాత కథలు నాలుగు చెబుతాను. తర్వాత జేబులో చెయ్యి పెడుదురుగాని.

* బ్యాటరీలు గెలిపించిన బొమ్మ *

1989వ సంవత్సరం. జపాన్‌కి చెందిన నింటెండో కంపెనీ "గేమ్‌బాయ్" అనే చేతిబొమ్మని విడుదల చేసింది. రంగుల్లేవు. తెర వెనక లైటు లేదు. ఆకుపచ్చ పూసిన బూడిద రంగులో నాలుగే నాలుగు ఛాయలు. చీకట్లో ఆడదామంటే కనబడదు. అమెరికాలో దాని ధర 90 డాలర్లు.

అదే ఏడు అటారీ కంపెనీ "లింక్స్" అనే యంత్రాన్ని దింపింది. రంగుల తెర! వెనక నుంచి వెలుగు! ధర సుమారు 180 డాలర్లు. మరుసటేడు సెగా కంపెనీ కూడా "గేమ్ గేర్" అని మరో రంగుల యంత్రాన్ని తెచ్చింది. బలాబలాలు చూస్తే గేమ్‌బాయ్ ఈ రెండింటి ముందూ హీరో పక్కన నిలబడ్డ ఎక్స్‌ట్రాలా వుంటుంది.

మరి బాక్సాఫీసు ఏమంది? గేమ్‌బాయ్, దాని తర్వాత వచ్చిన రంగుల గేమ్‌బాయ్ కలిపి 11 కోట్ల 86 లక్షలు అమ్ముడుపోయాయి. గేమ్ గేర్ కోటి దాటి ఆగిపోయింది. లింక్స్ ఆ దరిదాపులకు కూడా రాలేదు.

కారణం ఏమిటంటారా? రంగుల తెరకి, వెనక లైటుకి కరెంటు కావాలి. గేమ్ గేర్‌లో ఆరు బ్యాటరీలు వేస్తే మూడు నుంచి అయిదు గంటల్లో ఖతం! గేమ్‌బాయ్‌లో నాలుగు వేస్తే పదిహేను గంటలు ఎక్కడికీ పోదు. చేతిలో పట్టుకు తిరిగే బొమ్మకి ఏది ముఖ్యం? రంగా, ఓపికా? దానికి తోడు అమెరికాలో గేమ్‌బాయ్ పెట్టెలోనే "టెట్రిస్" అనే ఆట పెట్టి ఇచ్చారు. పై నుంచి పడే ఇటుకల్ని పేర్చే ఆ ఆటకి రంగులెందుకు? పిల్లలే కాదు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా వదల్లేదు.

గేమ్‌బాయ్‌ని రూపొందించిన ఇంజనీరు గున్‌పే యొకొయి గారి సిద్ధాంతమే అది. సరికొత్త సాంకేతికత వెంట పరుగెత్తకుండా, పాతబడి చవకైన దాన్నే తీసుకుని, ఎవరికీ తట్టని విధంగా వాడాలన్నది ఆయన పట్టుదల. మన వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు లెండి. 1957లో "మాయాబజార్" తీసేనాటికి కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్న మాటే లేదు. నలుపు తెలుపు ఫిల్ము, కెమెరా, ఆ కెమెరా వెనక మార్కస్ బార్ట్లీ గారు. అంతే! ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వచ్చి పడుతుంటే ఇవాళ్టి పిల్లలు కూడా నోరు తెరిచి చూస్తున్నారు.

* అంకెల గారడీ *

"అది చేతిబొమ్మ. టీవీకి తగిలించే కన్సోళ్ళ సంగతి వేరు" అంటారేమో. సరే, అదీ చూద్దాం.

1993లో అటారీ మళ్ళీ వచ్చింది, "జాగ్వార్" అనే కన్సోల్‌తో. "మాది 64 బిట్ల యంత్రం, లెక్క మీరే వేసుకోండి" అన్న ధోరణిలో ప్రకటనలు గుప్పించింది. అప్పటి కన్సోళ్ళు చాలావరకు 16 బిట్లవి. 64 పెద్దదా, 16 పెద్దదా? పెద్దదే, సందేహం లేదు. కాని ఆడటానికి ఆటలేవీ? మొత్తం మీద రెండున్నర లక్షలు కూడా అమ్ముడుపోకుండానే 1996లో జాగ్వార్ మూటాముల్లె సర్దుకుంది. హీరో ఆరడుగుల అందగాడే, కథ మాత్రం లేదు!

అదే రోజుల్లో సోనీ కంపెనీ మొదటి "ప్లేస్టేషన్"తో (1994) రంగంలోకి దిగింది. రెండేళ్ళ తర్వాత నింటెండో "నింటెండో 64"ని విడుదల చేసింది. ప్రాసెసర్ వేగం ప్లేస్టేషన్‌ది సుమారు 34 మెగాహెర్ట్‌జులు, నింటెండోది సుమారు 94. దాదాపు మూడింతలు! కాని నింటెండో పాత అలవాటు మానుకోక క్యాసెట్ల మీదే ఆటలు ఇచ్చింది (మనవాళ్ళు "వీడియో గేమ్ క్యాసెట్టు" అనేవాళ్ళే, అదే!). ఆ క్యాసెట్టులో పట్టేది మహా అయితే 64 మెగాబైట్లు. సోనీ వాడిన సి.డి.లో పట్టేది 650 మెగాబైట్లు. పైగా సి.డి. అచ్చువేయడం బాగా చవక.

దీని ఫలితం ఏమయిందో చూడండి. అప్పటిదాకా నింటెండోనే నమ్ముకున్న స్క్వేర్ అనే సంస్థ తన "ఫైనల్ ఫాంటసీ 7" ఆటని మూడు సి.డి.ల మీద 1997లో ప్లేస్టేషన్‌కి ఇచ్చేసింది. దర్శకులూ, కథకులూ పక్క స్టూడియోకి వెళ్ళిపోతే ఎంత పెద్ద ఫ్లోరు వుండి ఏం లాభం? ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది. నింటెండో 64 మాత్రం 3 కోట్ల 29 లక్షల దగ్గర ఆగింది.

* హైదరాబాద్ హనుమంతుడు *

ఇంకో రౌండు. 2000లో ప్లేస్టేషన్ 2 వచ్చింది. మరుసటేడు మైక్రోసాఫ్ట్ వారి మొదటి ఎక్స్‌బాక్స్, నింటెండో వారి గేమ్‌క్యూబ్ వచ్చాయి. ఈ ముగ్గురిలో కండబలం ఎక్కువ ఎక్స్‌బాక్స్‌కి అన్నది అప్పట్లో అందరూ ఒప్పుకున్న మాటే. తక్కువ? ఇంకెవరు, ప్లేస్టేషన్ 2!

కాని ప్లేస్టేషన్ 2 పాత ప్లేస్టేషన్ డిస్కుల్ని కూడా ఆడించేది. డి.వి.డి. సినిమాలు కూడా వేసేది. విడిగా డి.వి.డి. ప్లేయరు కొనే ఇల్లు, అదే డబ్బుకి మరికాస్త కలిపి దీన్ని కొనేసింది. పిల్లలకి ఆట, పెద్దలకి సినిమా. ఇల్లంతా ఒప్పుకున్న బొమ్మ శతదినోత్సవం చేసుకోక ఏం చేస్తుంది? 16 కోట్ల యంత్రాలు అమ్ముడుపోయి, ప్రపంచంలో అన్ని కన్సోళ్ళకీ పైన కూర్చుంది. ఎక్స్‌బాక్స్ 2 కోట్ల 40 లక్షలు. గేమ్‌క్యూబ్ 2 కోట్ల 17 లక్షలు.

మన దేశంలోనూ దానిదే హవా. ఎంతదాకా అంటే, 2009లో "హనుమాన్: బాయ్ వారియర్" అన్న ఆట విడుదలయింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి కన్సోల్ ఆటగా చెప్పుకున్నారు దాన్ని. తయారు చేసింది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాద్‌లోనే, ఆరోనా టెక్నాలజీస్ అనే సంస్థ! అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి మూడేళ్ళయింది. అయినా వాళ్ళు ఎంచుకున్నది పాత ప్లేస్టేషన్ 2నే. ఎందుకని? మన ఇళ్ళల్లో వున్నది అదే కాబట్టి. ఆట బాగోగుల మాట అటుంచండి. హాలు ఎక్కడ నిండుతుందో తెలిసినవాడే బొమ్మ అక్కడ వేస్తాడు.

పదకొండేళ్ళ తర్వాత, 2020లో, పుణేకి చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ "రాజీ" అన్న ఆటని తెచ్చింది. మన పురాణాల ఛాయలున్న ఆ ఆట మొట్టమొదట విడుదలైంది నింటెండో స్విచ్ మీద. అప్పటి కన్సోళ్ళలో బలహీనమైనది అదే!

* అయితే చవకబారుదే గొప్పదా? *

అబ్బే, అలా అనేసుకోకండి! అక్కడే వుంది మెలిక.

2006లో ప్లేస్టేషన్ 3 వచ్చింది. 499 డాలర్లకి ఒకటి, 599 డాలర్లకి ఒకటి. "సెల్" అనే మహా ప్రాసెసర్. దానికి ఆటలు రాయడమంటే ప్రోగ్రామర్లకి చెమటలు పట్టేవి. అదే ఏడు నింటెండో "వీ" 249 డాలర్లకి వచ్చింది. హెచ్.డి. బొమ్మ కూడా లేదు దానికి. కాని చేతిలో రిమోటు పట్టుకుని టెన్నిస్ బ్యాటులా ఊపితే తెరమీద బంతి వెళ్ళేది. బామ్మలు కూడా ఆడారు! 10 కోట్ల 16 లక్షలు అమ్ముడుపోయింది. ప్లేస్టేషన్ 3 సుమారు 8 కోట్ల 70 లక్షలు.

ఇంకేం, నింటెండో వారికి సూత్రం దొరికిపోయిందనుకున్నారు. 2012లో "వీ యూ" అని సీక్వెల్ తీశారు. ఈసారీ కొత్త పరికరమే, ఈసారీ కండ తక్కువే. కాని అది కొత్త కన్సోలా, పాతదానికి అదనపు సామానా అన్నది కొనేవాడికి అర్థం కాలేదు. మిగతా కంపెనీల పెద్ద ఆటలు చాలావరకు దానికి రాలేదు. 1 కోటి 35 లక్షల దగ్గర బొమ్మ ఎత్తేశారు.

కాబట్టి తక్కువ పవర్ వున్నదల్లా గెలవదు. చిన్న బడ్జెట్టు సినిమా అన్నంత మాత్రాన "పెళ్ళిచూపులు" అయిపోదు కదా!

పవర్ లేకపోతే ఏమవుతుందో చూపించిన ఉదాహరణ ఇంకొకటుంది. 2020 డిసెంబరులో "సైబర్‌పంక్ 2077" విడుదలయింది. కొత్త యంత్రాల మీద ఫరవాలేదు. కాని అప్పటికి ఏడేళ్ళ పాతవైన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద దాని అవస్థ చూడాలి... బొమ్మ నత్తనడక, మనుషులు గాల్లో తేలడం, మధ్యలో ఆట ఆగిపోవడం! వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైను దుకాణం నుంచి ఆ ఆటనే తీసేసి, కొన్నవాళ్ళకి డబ్బు తిరిగి ఇస్తామంది. మళ్ళీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. చిత్రమేమిటంటే, 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2, చేత్తో పట్టుకుని తిరిగే యంత్రం, మొదటి రోజునే అదే సైబర్‌పంక్‌ని ఆడించింది.

అంటే తేలిందేమిటి? పవర్ అనేది గేటు దగ్గర చూపించే టికెట్టు లాంటిది. అది లేకపోతే లోపలికి రానివ్వరు. లోపలికి వచ్చాక మాత్రం, నేల టికెట్టువాడూ బాల్కనీవాడూ చూసేది ఒకే బొమ్మ.

* టెరాఫ్లాపు అంటే ఏ పప్పు? *

ఇప్పుడు ఆ అంకెల సంగతి. టెరాఫ్లాపు అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి 12 టెరాఫ్లాపులు, ప్లేస్టేషన్ 5కి 10.28. రెండూ వచ్చింది 2020 నవంబరులో. అంకె ప్రకారం ఎక్స్‌బాక్స్‌దే పై చెయ్యి. కాని ఒకే ఆటని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపెట్టడానికి భూతద్దం కావాలి. పైగా హార్డ్‌డిస్కు బదులు వచ్చిన ఎస్.ఎస్.డి. నుంచి సమాచారం లాగే వేగంలో ప్లేస్టేషన్ 5 ముందుంది: సెకనుకి 5.5 గిగాబైట్లు. ఎక్స్‌బాక్స్‌ది 2.4. మరి ఏది గొప్పదనాలి?

అసలీ అంకె ఎంత మోసకారో తెలియాలంటే ఒకే కంపెనీ యంత్రాలు రెండు తీసుకోండి. 2017లో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌కి 6 టెరాఫ్లాపులు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి 4 మాత్రమే. అంకె చూసి కొనేవాడు పాతదే కొంటాడు. కాని కొత్తదానిలో ప్రాసెసర్ బాగా మెరుగు, ఎస్.ఎస్.డి. వుంది, కొత్త తరం ఆటలు దానికే వస్తాయి. 6 కన్నా 4 ఎక్కువయిన లెక్క ఏ బళ్ళోనూ చెప్పరు, ఇక్కడ తప్ప!

అందుకని గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే. తరం చూడండి. తరంలోపలి అంకెల కోసం కొట్టుకోకండి. 2022 నవంబరులో వచ్చిన "గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్" ప్లేస్టేషన్ 4కీ వచ్చింది, 5కీ వచ్చింది. 2023 అక్టోబరులో వచ్చిన "స్పైడర్‌మ్యాన్ 2" ప్లేస్టేషన్ 5కి మాత్రమే వచ్చింది. 4 వున్నవాడు బయటే నిలబడ్డాడు. కుర్రకారంతా కళ్ళల్లో వత్తులు వేసుకున్న "గ్రాండ్ తెఫ్ట్ ఆటో 6"ని కూడా ప్లేస్టేషన్ 5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకీ ప్రకటించారే కాని, పాత తరానికి ప్రకటించలేదు. తరానికీ తరానికీ మధ్య వున్నది గోడ. ఒకే తరంలో వున్నవి గదులు మాత్రమే.

2024 నవంబరులో సోనీ "ప్లేస్టేషన్ 5 ప్రో" తెచ్చింది. 16.7 టెరాఫ్లాపులు, 700 డాలర్లు. డిస్కు పెట్టే డ్రైవు కూడా విడిగా కొనుక్కోవాలి! దాని మీద ఆడేవి ఏమిటి? ప్లేస్టేషన్ 5 ఆటలే. బొమ్మ మరింత తేటగా వుంటుంది, నిజమే. పెద్ద 4కె టీవీ, పెద్ద జేబు రెండూ వున్న దొరబాబుకి ముద్దొస్తుంది. మిగతా వాళ్ళం దూరంనుంచి నమస్కారం పెట్టేద్దాం.

* సినిమాకి 24, ఆటకి 60 *

పవర్ ఖర్చయ్యే చోటు ఇంకొకటుంది. సినిమా రీలులో సెకనుకి 24 ఫ్రేములు. కళ్ళకి అదే హాయి. ఆటల్లో మాత్రం 30, వీలయితే 60 కావాలంటారు. ఎందుకని? సినిమాలో హీరో కొడతాడు, మనం చూస్తాం. ఆటలో మనమే కొట్టాలి. బటను నొక్కాక బొమ్మ కదలాలి. 30 ఫ్రేముల ఆటలో ఒక్కో బొమ్మకి 33 మిల్లీసెకన్లు, 60 ఫ్రేముల ఆటలో 17 కన్నా తక్కువ. క్రికెట్టో, ఫుట్‌బాలో, కార్ల పందెమో ఆడేవాడికి చేతివేళ్ళల్లో ఆ తేడా తెలుస్తుంది. కథ ప్రధానంగా నడిచే ఆటలో అంతగా తెలియదు. పవర్‌కి విలువ కట్టవలసింది ఇక్కడ, పెట్టె మీది అంకె దగ్గర కాదు.

* ఇక జేబులో చెయ్యి పెట్టండి *

కొట్టుకి వెళ్ళే ముందు ఒక కాగితం తీసుకుని ఈ అయిదూ రాసుకోండి.

ఒకటి: మీరు తప్పకుండా ఆడాలనుకునే ఆటలు ఓ అయిదింటి పేర్లు. అవి ఏ యంత్రానికి వస్తాయో చూడండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది. మేరియో, జెల్డా ఆడాలంటే నింటెండో తప్ప దారి లేదు. ఎక్స్‌బాక్స్ వారి సొంత ఆటలు కొన్ని 2024 నుంచి ప్లేస్టేషన్‌కీ వస్తున్నాయి. "ఫోర్జా హొరైజన్ 5" 2025లో అలా వచ్చిందే. ఇక "మైన్‌క్రాఫ్ట్" దాదాపు అన్నిటి మీదా ఆడుతుంది. 2023 నాటికి 30 కోట్ల కాపీలు దాటిన ఆ ఆటలో కనిపించేవి చదరపు ఇటుకలే సుమండీ!

రెండు: ఇంట్లో టీవీ. 4కె తెరమీద 83 లక్షల చుక్కలుంటాయి. చాలా 32 అంగుళాల టీవీల్లో వుండేవి సుమారు పది లక్షలు. ఎనిమిదింతలు పెద్ద బొమ్మ గీసే యంత్రం కొని, చిన్న కిటికీలోంచి చూస్తే మిగతా చుక్కలు ఎక్కడికి పోతాయి? కొత్త తరం యంత్రం కొంటే చిన్న టీవీ మీద కూడా ఫ్రేముల వేగం, లోడింగు వేగం కలిసొస్తాయి. కాని 4కె కోసమే ఎక్కువ డబ్బు పెట్టేటట్టయితే ముందు టీవీ వంక ఓసారి చూసుకోండి. లేకపోతే కన్సోల్ ఇంటికి వచ్చిన నెలకే "నాన్నగారూ, టీవీ..." అని నసగాల్సి వస్తుంది.

మూడు: ఆటల ఖరీదు. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశంలో విడుదలైనప్పుడు డిస్కు పెట్టే రకం 49,990 రూపాయలు, డిస్కు లేనిది 39,990. సోనీ వారి పెద్ద కొత్త ఆట 4,999. పది ఆటలు కొంటే ఇంకో కన్సోల్ కొన్నట్టే! డిస్కు లేనిదానితో మిగిలిన పది వేలూ రెండు ఆటలకి సరి. డిస్కు వుంటే ఆడేశాక అమ్ముకోవచ్చు, మిత్రుడితో మార్చుకోవచ్చు, పాత డిస్కు చవకలో కొనుక్కోవచ్చు. డౌన్‌లోడు చేసిన ఆట మీ దగ్గరే వుండిపోతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కీ డిస్కు పెట్టే చోటు లేదు. డబ్బు లెక్క చూసుకునేవాడికి టెరాఫ్లాపు కన్నా ఈ చిన్న సందు ముఖ్యం.

నాలుగు: చోటు, నెట్టు. మొదటి ప్లేస్టేషన్ 5లో 825 గిగాబైట్లు అన్నారు. వాడుకోవడానికి మిగిలేది సుమారు 667. మొదటి సిరీస్ ఎస్‌లో 512 అన్నారు. మిగిలేది సుమారు 364. పెద్ద ఆట ఒక్కొక్కటి వంద గిగాబైట్లు మింగేస్తుంది. అంటే మూడు ఆటలతో ఇల్లు నిండిపోయినట్టే. నాలుగోది రావాలంటే ఒకటి చెరిపి, మళ్ళీ కావాలంటే మళ్ళీ దింపుకోవాలి. మీ ఊళ్ళో నెట్టు ఎలా వుందో మీకే తెలుసు.

అయిదు: స్నేహితులు. మీ బ్యాచీలో నలుగురి దగ్గరా ప్లేస్టేషన్ వుండి, మీరొక్కరే పవరెక్కువని ఇంకొకటి కొన్నారనుకోండి. కొన్ని ఆటలు ఏ యంత్రంవాళ్ళయినా కలిసి ఆడుకోవచ్చు, "ఫోర్ట్‌నైట్" అటువంటిదే. కాని అన్నీ అలా కాదు. డిస్కులు మార్చుకునే మాట అసలే వుండదు. ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని సినిమా చూసినట్టుంటుంది. కొనుక్కున్న ఆటల్ని నెట్టులో పదిమందితో ఆడాలంటే చాలావాటికి ప్లేస్టేషన్‌లో చందా కట్టాలన్నది కూడా లెక్కలో వేసుకోండి. ఉచితంగా ఇచ్చే ఆటలకి ఆ బాధ లేదు.

అన్నట్టు, బిల్లూ వారంటీ మరిచిపోకండి. 2017లో నింటెండో స్విచ్ వచ్చినప్పుడు మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. బయట దేశాల నుంచి తెచ్చిన సరుకే కొట్లలో దొరికింది. అటువంటిది పాడైతే ఎవరిని అడగాలి? బలం ఎంత వున్నా, బాగుచేసే దిక్కు లేని యంత్రం అలంకారానికే పనికొస్తుంది.

* ఆఖరి రీలు *

1986లో "సింహాసనం" తెలుగులో తొలి 70 ఎం.ఎం. సినిమాగా వచ్చినప్పుడు జనం విరగబడి చూశారు. పెద్ద తెర మజా పెద్ద తెరదే, కాదనం. కాని అంతకు ఆరేళ్ళ ముందు, పెద్ద హీరో లేకుండా, ఫైటింగులు లేకుండా, తెరకి పెద్దగా పరిచయం లేని సోమయాజులు గారిని పెట్టి తీసిన "శంకరాభరణం"కి ఇళ్ళకి ఇళ్ళు తాళాలు వేసుకుని వెళ్ళారు. రెండూ మనవే, రెండూ కావాలి. కాకపోతే దేనికి ఎంత పెట్టాలో తెలియాలి.

నూటికి తొంభైమంది కుర్రాళ్ళకి నా సలహా ఇది. మీకు కావలసిన ఆటలు వచ్చే తరంలో, మీ టీవీకి సరిపడా, డిస్కు పెట్టే చోటున్న యంత్రం తీసుకోండి. ప్రో, మాక్స్ అంటూ పైకి పోయే డబ్బుని మిగిల్చి నాలుగు ఆటలు కొనుక్కోండి. పాత తరం యంత్రం చవగ్గా వస్తోందా? మీరు ఆడాలనుకున్నవన్నీ ఇప్పటికే వచ్చేసిన ఆటలైతే నిరభ్యంతరంగా తీసుకోండి, అద్భుతమైనవి వందలున్నాయి దానికి. రాబోయే ఆటల మీద కన్నుంటే మాత్రం ఆ చవక చవక కాదు. ఇంకో ఆరు నెలలు డబ్బు కూడబెట్టుకోవడమే మేలు. ఆరు నెలలు ఆగితే ఆట ఎక్కడికీ పారిపోదు. ధర తగ్గితే తగ్గొచ్చు కూడా.

ఇంత చెప్పాక కూడా "పవరే కావాలి మాస్టారూ" అనే వీరాభిమానులుంటారని నాకు తెలుసు. వాళ్ళకి ఒకే ఒక్క ప్రశ్న: ఆ పవర్‌తో ఈ ఆదివారం ఏ ఆట ఆడతారు? వెంటనే పేరు చెప్పగలిగితే నిక్షేపంగా కొనుక్కోండి. నీళ్ళు నమిలితే మాత్రం, పర్సు మళ్ళీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చెయ్యండి!